పాలకంకి తీపికి కొలత

శ్రావణమాసపు జల్లొకటి కురిసి వెలిసిన సాయంకాలము, ఎమ్మిగనూరు బస్టాండు దాపున, బొగ్గుల కుంపటిపై కంకులు కాల్చుచు విసనకఱ్ఱతో నిప్పు విసరుచున్న యొక తల్లి బండిని దాటి పోగలవాడు మా సీమలో అరుదు. నేనును దాటలేక నిలిచితిని. బండిమీద రెండు రాసులుండెను. ఒకటి మామూలు మొక్కజొన్న. దానిని జనులు నాటుకంకి యందురు గాని, నిజమునకు అదియు కంపెనీవారి సంకరవిత్తనపు పంటయే. రెండవది పసుపుకొమ్మువలె మెరయు స్వీట్‌కార్న్.

“ఏది కాల్చమంటావు సార్, నాటుదా, స్వీటుదా? స్వీటు తీసుకో, బెల్లం నమిలినట్టే ఉంటది” అని ఆమె సలహా చెప్పెను. ఆ పచ్చని రాశిని చూపి, “ఎప్పుడు కోసినవమ్మా ఇవి?” అని యడిగితిని. “రాత్రి లారీలో దిగినాయి. యాడ కోసినారో, ఎన్నడు కోసినారో నాకేం తెల్సు సార్?” అని నవ్వి, నా యజ్ఞానమునకు జాలిపడినట్లు ఆమె కుంపటివైపు తిరిగెను.

కంకి యెంత తియ్యగా నుండవలెనను ప్రశ్నకు నాకు తోచు సమాధానము, ఆ తల్లి తెలియదన్న రెండు సంగతులలోనే యిమిడియున్నది. ఎక్కడ కోసిరి, ఎన్నడు కోసిరి అనునవి తెలిసిన కంకికి అంత తీపి అక్కఱలేదు. అవి తెలియని కంకికే, దారిలో పోవునది పోగా నోటికి చేరునప్పటికి కొంతయైన మిగులవలెనని, మొదటనే మితిమీరిన తీపిని కూర్చి పంపవలసి వచ్చినది. నేడు మనము రుచి యని పొగడుచున్నది చాలవఱకు రవాణా కొఱకు చేసికొన్న యేర్పాటు.

మా ప్రాంతపువారికి ఈ విషయమున ఒక పాత కొలబద్ద కలదు. నల్లరేగడి చేలలో హింగారి (రబీ) జొన్న పాలు పోసికొని, ఆ పాలు గట్టిపడుటకు ఇంకను నాలుగైదు దినములు గడువున్న సమయమున, అనగా ఇంచుమించు పుష్యమాసములో నీలకంఠేశ్వరస్వామి జాతరకు జనులు బండ్లు కట్టుకొనుచుండు దినములలో, మా అవ్వ చేనిగట్టున పిడకల నిప్పు చేసి, విఱిచి తెచ్చిన జొన్నకంకులను ఆ సెగలో దొర్లించి, వేడి చల్లారక మునుపే కంబళి మడతలో నుంచి అఱచేతులతో నులిమి, చేటలో పోసి పొట్టు చెఱిగి, పచ్చగా నిగనిగలాడు ఊచబియ్యమును మా దోసిళ్లలో పోసెడిది. తోడుగా కొంచెము బుడ్డలపొడి, ఒక బెల్లపు ముక్క. ఆ గింజ కొఱికినప్పుడు మొదట పొగవాసన, పిమ్మట పాల చిక్కదనము, దాని వెనుక, వెదకినగాని దొరకని తీపి. అది చాలదని యేడ్చిన పిల్లవాడెవ్వడును నాకు జ్ఞాపకము లేడు. బెల్లము ప్రక్కనే యుండెను గదా, ఎవరికి కావలసినంత వారు కొఱికికొనెడివారు. ఒకసారి మరునాటికి దాచుకొందమని చొక్కా జేబు నిండ పోసికొని పడుకొంటిని. తెల్లవారి చూచుకొనునప్పటికి జేబులో జొన్నలున్నవి గాని ఊచబియ్యము లేదు.

మొక్కజొన్న మనకు అతిథి. మెక్సికో దేశమున సుమారు 9000 ఏండ్ల క్రిందట టియోసింటె యను గడ్డినుండి మానవుడు మలచుకొన్న ఈ ధాన్యము, 16వ శతాబ్దమున పోర్చుగీసుల ఓడలతో మన దేశము చేరినదని చెప్పుదురు. వచ్చిన అతిథికి మనవారు మన యింటిపేరే యిచ్చిరి: తెలుగున మొక్కజొన్న, ఇక్కడికి కూతవేటు దూరమున నున్న కన్నడసీమలో మెక్కెజోళ. జొన్న పేరు పెట్టుకొన్నదానిని జొన్న కొలతతోనే రుచి చూచుట అన్యాయము కాదని నా వాదము.

ఇక ఆ తీపి పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలెను. ఆకులలో తయారైన చక్కెర గింజను చేరగా, గింజ దానిని పిండిగా మార్చి, రేపటి మొలకకు తిండిగా దాచుకొనును. మామూలు మొక్కజొన్నలో ఈ పని వడివడిగా సాగును గనుక, పాలకంకి దశ దాటిన కొలది దినములకే తీపి తఱగిపోవును. పాతకాలపు స్వీట్‌కార్న్‌లో షుగరీ యను జన్యువు వలన చక్కెర కొంత నిలుచుటయే గాక, మఱికొంత నీట కరగునట్టి మెత్తని పదార్థముగా మారి, నాలుకకు మీగడవంటి చిక్కదనము నిచ్చును. అమెరికాలో 1902లో బర్పీ విత్తనకంపెనీ అమ్మకమునకు తెచ్చిన గోల్డెన్ బాంటమ్ అట్టి రకమే. అయితే కోసినది మొదలు దాని తీపికి ఆయువు స్వల్పము: 30 డిగ్రీల వేడిలో నుంచినచో ఒక్క దినములో సుమారు సగము చక్కెర హరించును, మంచువంటి చల్లదనమున నుంచినచో పదింట నొకవంతు కూడ పోదు. అందుచేతనే పొయ్యిమీద ఎసరు మరుగుచుండగా చేనికి పోయి కంకి విఱువవలెనని అచ్చటి పల్లెవాసులు చెప్పుకొనెడివారు. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఆదోనిలో ఆ కంకి గతి వేఱుగ చెప్పనేల?

1953వ సంవత్సరము మా ప్రాంతమున మఱపునకు రానిది. తుంగభద్ర ఆనకట్టనుండి కాలువలకు తొలిసారి నీరు వదలినదియు, ఆదోని తాలూకా బళ్లారిని విడిచి క్రొత్తగా నేర్పడిన ఆంధ్రరాష్ట్రమున కర్నూలు జిల్లాలో చేరినదియు ఆ యేడే. సరిగా ఆ యేడే, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున జాన్ లాఫ్నన్ అను జన్యుశాస్త్రజ్ఞుడు, ఎండినప్పుడు ముడుతలు పడి కుంచించుకొనిపోవు ఒక మొక్కజొన్న గింజలో చక్కెర అసాధారణముగా నిలిచియుండుటను గూర్చి ప్రకటించెను. ష్రంకెన్-2 అని ఆ జన్యువునకు పేరు. చక్కెర పిండిగా మారు దారిలో తొలిమెట్టే అందు విఱిగియున్నది. కావున పాత స్వీట్‌కార్న్ కంటె రెండుమూడింతల చక్కెర గింజలో నిలుచును, కోసిన పిమ్మట కొన్ని దినములు పెద్దగా తఱగదు. దూరపు అంగళ్లకు సరకు పంపు వర్తకులకు ఇంతకంటె వరమేమి కావలెను? అయితే చక్కెరతోపాటు మీగడ రాలేదు. గోరు గ్రుచ్చి చూడుడు: పాతరకపు గింజనుండి పాలు చిమ్మును, దీనినుండి ఇంచుమించు తేటనీరు వచ్చును. నోటిలో అది చిట్లిన క్షణమున చెఱకురసము. ఆ క్షణము దాటిన పిదప తొక్క తప్ప నమలుటకేమియు మిగులదు.

బండి తల్లిని నేను తప్పుపట్టజాలను. ఆమెకు ఐసుపెట్టె లేదు, నిన్నటి సరకును నేడు పాఱవేయు స్తోమత లేదు. మూడు దినములైనను తీపి చెడని కంకిని ఆమె మెచ్చుకొనుటలో న్యాయమున్నది. నా తగవు తినువారితో. బెల్లము నమిలినట్లుండుట కంకికి పొగడ్త యెట్లయ్యెను? పెద్ద పట్టణములలో ఈ గింజలను ఉడికించి కాగితపు కప్పులలో పోసి, వెన్నయు మసాలాయు నిమ్మరసమును దట్టించి అమ్ముచున్నారు. ఆ యతితీపిని అణచుటకే ఈ కారమంతయు చల్లుచున్నారేమో యని నాకొక యనుమానము.

రైతు చిక్కులు వేఱు. ముడుతపడిన విత్తనములో మొలకకు వలసిన పిండి తక్కువ గనుక, లోతుగా విత్తినను, నేల చల్లబడినను మొలక తప్పిపోవును. ప్రక్క చేనిలో కోళ్లదాణాకు పోవు మామూలు మొక్కజొన్న అదే వారమున పూచెనేని, గాలివాటున వచ్చిన పుప్పొడి పడిన ప్రతి గింజయు ఆ పంటలోనే పిండిగింజ యగును. మరుసటి పంటవఱకు ఆగదు. అందువలన రెండు చేల నడుమ 250 నుండి 400 మీటర్ల యెడమైనను, విత్తుటలో రెండు మూడు వారముల తేడాయైనను ఉండవలెనందురు. తుంగభద్ర దిగువకాలువ క్రింద ఎకరము, రెండెకరముల మడిచెక్కలుగా చీలిన మా భూములలో, ఇరుగుపొరుగు రైతులు కూర్చుండి మాటాడుకొనక ఇది సాగు పని కాదు.

మాటాడుకొందురేని, ఊరి పొలిమేరలోనే ఒక్కసారి గాక పదేసి దినముల యెడముతో కొంచెము కొంచెముగా విత్తి, పీచు వెలువడిన 18 నుండి 22 దినములకు, అది ఎండి గోధుమవన్నె తిరుగగానే, ఎండ యెక్కకమునుపు విఱిచి, ఆ పూటకే అంగడికి చేర్చవచ్చును. మిగిలిన పచ్చిచొప్ప పశువులకు దక్కును. హైదరాబాదులోని వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు రూపొందించిన మాధురి, ప్రియ యను స్వీట్‌కార్న్ కాంపోజిట్ రకములు ఉండనే యున్నవి; ప్రతి పైరుకును కంపెనీ పొట్లము కొననక్కఱలేని ఆ విత్తనమును అంగడిలో వెదకి వెదకి కొనవలసిన స్థితి తప్పింపవలసినవారు వ్యవసాయశాఖవారు. రైతుబజారులో ధర వ్రాయు పలకమీదనే కోసిన దినమును, ఊరిని కూడ సుద్దతో వ్రాయించుటకు పెద్ద ఖర్చేమియు కాదు. పాలు ఏ పూట పితికినవో అడుగక కొనని మనము, పాలకంకిని అడుగకయే కొనుచున్నాము.

ఆ సాయంకాలము నేను నాటుకంకినే కాల్చుమంటిని. ఆమె దానిని నాలుగు వైపుల త్రిప్పి, గింజలు చిటపటలాడి అక్కడక్కడ నల్లబడగానే, నిమ్మచెక్కను ఉప్పుకారములో నద్ది అడుగునుండి కొసవఱకు రుద్ది చేతికిచ్చెను. అడుగు గింజలు కొంచెము ముదిరినవి. నడుమనుండి కొసవఱకు మాత్రము పొగ, పాలు, ఆ వెనుక సన్నని తీపి, వరుస తప్పక వచ్చినవి. ఆశ్చర్యపడి, “ఇవి కూడా రాత్రి లారీలోనేనా అమ్మా?” అంటిని.

“ఇవా? ఇవి మా కాలవకిందివే సార్, పొద్దున్నే మా ఆయన ఇరిచినాడు. నువ్వు అడిగింది వాటి గురించి గదా” అని ఆమె బదులు చెప్పెను.

మఱి రెండు కాల్చి పొట్లము కట్టుమంటిని.