అమృతాంజనం రాశాం కదా అని...

జూన్ వచ్చిందంటే క్రెయిగీబర్న్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఒకటే వాసన. హీటర్ వేసి తలుపులన్నీ మూసుకుంటాం కాబట్టి బామ్ వాసన ఎటూ పోదు. ఊరి నుంచి వచ్చిన అమ్మో, మామయ్యగారో సోఫా చివర కూర్చుని మోకాళ్లకు రాసుకుంటూ ఉంటారు. ‘నొప్పిగా ఉందా?’ అని అడిగితే, ‘మందు రాసుకున్నాలే, అదే తగ్గుతుంది’ అంటారు. మనం ‘సరే’ అని ల్యాప్‌టాప్ తెరుస్తాం. ఆ ‘సరే’ గురించే నా బాధ.

బామ్‌ల మీద నాకు కోపం లేదు. అమృతాంజనం మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది. దాని మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. సొంత ఊరు వదిలి వెళ్లిన తెలుగువాడి డబ్బా అది, మనకు ఆ మాత్రం అభిమానం ఉండాల్సిందే. ఇంకో తమాషా ఏమిటంటే, మనం నీలగిరి తైలం అని పిలుచుకునే నూనె అసలు ఈ దేశపు చెట్టుదే. జోసెఫ్ బొసిస్టో అనే మందుల వ్యాపారి 1852లో ఇక్కడ విక్టోరియాలోనే దాన్ని తీయడం మొదలుపెట్టాడు.

ఇవి చేసే పని మాత్రం పరిమితం. మెంథాల్, కర్పూరం చర్మానికి చల్లగానో వేడిగానో అనిపించి, లోపలి నొప్పి మీద నుంచి కాసేపు మన ధ్యాస మళ్లిస్తాయి. ఉప్పు మూటతో కాపడం పెట్టినా, నువ్వుల నూనె వెచ్చచేసి మర్దనా చేసినా హాయిగానే ఉంటుంది. ఫార్మసీలో దొరికే డైక్లోఫినాక్ జెల్ ఇంకో మెట్టు పైది. అది నిజంగా వాపు తగ్గించే మందు. మోకాలు, చేతివేళ్ల వంటి పైపైన ఉండే కీళ్లకు పనికొస్తుంది, తుంటికి అంతగా కాదు. మాత్రతో పోలిస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మోకాలి అరుగుదలకు ముందుగా ఇలాంటి పూత మందే ఇవ్వమని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2022లో చెప్పాయి. అయినా బీపీ, కిడ్నీ సమస్యలున్న పెద్దవాళ్లు ఫార్మసిస్టును ఒక మాట అడిగి కొనడం మంచిది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లు వింటర్‌గ్రీన్ నూనె ఉన్న బామ్‌లతో జాగ్రత్తగా ఉండాలి. బామ్ రాసి దాని మీద వేడినీళ్ల సంచి పెడితే చర్మం కాలుతుంది. జిల్లేడాకు కట్టినా పొక్కులు రావచ్చు.

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. నేను రాయాలనుకున్నది మా అమ్మ వేళ్ల గురించి.

రెండేళ్ల కిందట ఆవిడ విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు పొద్దున్నే చపాతీ పిండి కలపలేకపోయేది. లేచాక గంట దాటినా వేళ్లు ముడుచుకునేవి కావు. రెండు చేతులదీ అదే పరిస్థితి. ‘ఇక్కడి చలమ్మా’ అన్నాను నేను. ‘వయసు రా’ అంది ఆవిడ. రాత్రిపూట నేనే బామ్ రాసేవాణ్ని, కొడుకుగా ఏదో చేస్తున్నానన్న తృప్తి కూడా ఉండేది. అలా నాలుగు నెలలు. ఆఫీసులో ఒకే ఎర్రర్ నాలుగు రోజులు వరసగా వస్తే నేను ఊరుకోను.

చివరికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే చేతులు పట్టి చూసి వెంటనే రక్తపరీక్షలు రాశారు. అరుగుదల కాదు, రుమటాయిడ్ ఆర్థరైటిస్. అంటే శరీరంలోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేయడం. ఎక్స్‌రేలో అప్పటికే రెండు వేళ్ల కీళ్లు దెబ్బతిన్నాయి. అది వెనక్కి రాదు. మందులతో మిగతావాటిని కాపాడుకోవడమే. కారులో వస్తుంటే, ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ‘ఇక్కడ డాక్టర్‌కి బోలెడు అవుతుందని మీరిద్దరూ అనుకుంటుంటే విన్నాను. నీకెందుకురా ఖర్చు’ అంది.

మన ఇళ్లలో బామ్ డబ్బా వెనక దాగి ఉండేది ఇదే. మన అమ్మానాన్నలకు ఇక్కడ మెడికేర్ ఉండదు. పరస్పర వైద్య ఒప్పందం ఉన్న దేశాల్లో భారత్ లేదు. విజిటర్ ఇన్సూరెన్సులు ముందునుంచీ ఉన్న జబ్బులకు సాధారణంగా వెయిటింగ్ పీరియడ్ పెడతాయి. ఇదంతా వాళ్లకు తెలుసు. అందుకే నొప్పి చెప్పరు. రాసుకుంటారు, మన పిల్లల్ని ఎత్తుకుంటారు, డబుల్ స్టోరీ ఇంట్లో రోజుకు పదిసార్లు మెట్లెక్కి దిగుతారు. వాళ్లు చెప్పకపోవడం మనకూ సౌకర్యంగానే ఉంది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

పొద్దున బిగుసుకుపోయిన కీళ్లు అరగంటలో సర్దుకుంటే అది అరుగుదల కావచ్చు. గంట దాటినా వదలకపోతే, చిన్న కీళ్లు రెండు వైపులా వాస్తే, నీరసం కూడా ఉంటే బామ్ పక్కన పెట్టి ఆ వారమే డాక్టర్‌కు చూపించాలి. ఒక్క కీలు ఉన్నట్టుండి ఎర్రగా వాచి జ్వరం వస్తే వారం కూడా ఆగకూడదు, ఆ రోజే వెళ్లాలి. ఇక ఊళ్లో ఎవరో ఇచ్చారని తెచ్చే లేబుల్ లేని పొడులు, మాత్రలు మాత్రం వద్దే వద్దు. వారంలో నొప్పి మాయమైందంటే సంతోషించకుండా అనుమానించాలి. ఇలాంటి వాటిలో చెప్పకుండా స్టెరాయిడ్లు కలుపుతున్నారని ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ టీజీఏ పలుసార్లు హెచ్చరించింది.

అరుగుదలే అని తేలినా పూతతో సరిపెట్టకూడదు. తొడ కండరాలు గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. డెన్మార్క్‌లో మొదలైన ‘గ్లాడ్’ అనే వ్యాయామ కార్యక్రమాన్ని 2016లో ఆస్ట్రేలియాకు తెచ్చింది మనకు దగ్గర్లోనే బుండూరాలో ఉన్న లా ట్రోబ్ యూనివర్సిటీ. ఫిజియోథెరపిస్టులు దగ్గరుండి 12 తరగతుల్లో చేయిస్తారు. ఫీజు ఉంటుంది. ‘నొప్పి పెడుతుంటే వ్యాయామమేంటి బాబూ’ అని మా అత్తయ్యగారు నెల రోజులు వాదించారు. ఇప్పుడు సాయంత్రం ఐట్‌కెన్ క్రీక్ పక్కన నడిచి వస్తున్నారు. బామ్ కూడా రాసుకుంటున్నారు, నేను అడ్డు చెప్పడం లేదు.

అమ్మ డిసెంబర్‌లో మళ్లీ వస్తోంది. తెనాలిలో డాక్టర్‌కు చూపించుకుని, రిపోర్టులు, మందుల చీటీ హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టుకోమన్నాను. పడక కింది గదిలోకి మార్చాం. జీపీ ఫీజుకని నెలనెలా కొంత పక్కన పెడుతున్నామని ఫోన్‌లో ఆవిడకే చెప్పాను. ‘సరేగానీ, అమృతాంజనం ఎన్ని తీసుకురమ్మంటావ్?’ అని అడిగింది. మూడు తెమ్మన్నాను.