ఫైల్ సిస్టమ్ డ్రైవర్ ప్రాక్టికల్స్ కోరుతూ విద్యార్థుల వినతిపత్రం

నిజామాబాద్

గౌరవనీయులైన కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతి గారికి,

విషయం: ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ఐనోడ్ నంబర్లపై ప్రయోగాలు చేర్చడం గురించి.

ఆర్యా,

మేము బోధన్, ఎడపల్లి, రెంజల్, వర్ని మండలాల నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకుంటున్న మూడో సంవత్సరం విద్యార్థులం. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయింది. అయినా అక్కడికి చెరకు తోలిన మా తాతలు తూకం చీటీలను పారేయలేదు, ట్రంకు పెట్టెల్లో దాచుకున్నారు. వాటిని స్కాన్ చేసి భద్రపరచాలని, మినీ ప్రాజెక్టుగా సొంత ఫైల్ సిస్టమ్ డ్రైవర్ రాశాం.

అక్కడే దెబ్బతిన్నాం. ఒక చీటీ ఫైలు తీసేసి, ఖాళీ అయిన ఐనోడ్ నంబరును (ఫైల్ సిస్టమ్‌లో ఫైలును గుర్తించే సంఖ్యను) ఇంకో రైతు చీటీకి ఇచ్చాం. ఐనోడ్‌ను తిరిగి వాడినప్పుడు మార్చాల్సిన జెనరేషన్ నంబరును మార్చలేదు. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ (ఎన్‌ఎఫ్‌ఎస్) మీద పక్క సిస్టంలో పాత ఫైలు తెరిచి కూర్చున్న మిత్రుడికి ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’ అని రావాలి. రాలేదు. పేరు ఒకరిది, తూకం మరొకరిది కనబడింది. ఐనోడ్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న మాలో ఒక్కరికీ కారణం తట్టలేదు. మూడు రాత్రులు పట్టింది.

ఫైలు పేరు మార్చినా, అదే డిస్కులో వేరే డైరెక్టరీకి జరిపినా ఐనోడ్ నంబరు మారకూడదు. డివైస్ నంబరు, ఐనోడ్ నంబరు కలిస్తేనే ఫైలుకు గుర్తింపు. రెండు ఫైళ్లకు ఒకే జత ఇస్తే, ఒకదాని మీద ఇంకోటి కాపీ చేయమన్నప్పుడు ‘రెండూ ఒకటే ఫైలు’ అని సీపీ కమాండు నిరాకరిస్తుంది. ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లోనైతే డిస్కు మీద ఐనోడే ఉండదు, నంబరును డ్రైవరే ఇవ్వాలి. ఇవన్నీ చేత్తో చేస్తేనే ఒంటబడతాయి.

కావున మా డిమాండ్లు:

1. ఎక్స్‌ట్‌2 డిస్క్ ఇమేజ్‌ను బైటు బైటుగా చదివించాలి. రూట్ డైరెక్టరీకి నంబరు 2 అని, సున్నా అంటే ఖాళీ ఎంట్రీ అని మా కళ్లతో మేం చూడాలి.

2. ప్రతి జట్టుతో ఒక చిన్న డ్రైవర్ రాయించాలి. అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేసినా ఫైళ్ల నంబర్లు అవే ఉన్నాయా, తిరిగి వాడిన నంబరుకు జెనరేషన్ మారిందా అన్నది పరీక్షించి మార్కులివ్వాలి.

3. ల్యాబ్ సిస్టంలలో మాకు రూట్ అనుమతి లేదు, కెర్నల్ మాడ్యూల్ ఎక్కించలేం. క్రాష్ అయినా నష్టం లేకుండా జట్టుకొక వర్చువల్ మెషీన్ ఇవ్వాలి.

4. మాలో చాలామంది తెలుగు మీడియం సర్కారు బడుల నుంచి వచ్చినవాళ్లం. ల్యాబ్ మాన్యువల్‌తో పాటు తెలుగులో వివరణ ఇవ్వాలి. రాసే పనిలో మేమూ పాలుపంచుకుంటాం.

వచ్చే సెమిస్టర్ ప్రాక్టికల్స్ మొదలయ్యేలోగా నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాం. మా తాతల చీటీలు ఎవరివి వారి పేరు మీదే తెరుచుకునేలా ఆ డ్రైవర్‌ను ఈసారి సరిగ్గా రాయాలని మా పట్టుదల. తమరు మాకు ఆ అవకాశం కల్పించాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
మూడో సంవత్సరం కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు