ఐసీయూలో చివరి మాట ఎవరిది?

టూంగాబీ, పెండిల్ హిల్, గిరవీన్ చుట్టుపక్కల మన ఇళ్ళలో పిల్లల్ని ఆడించడానికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన అమ్మమ్మలు, తాతయ్యలు ఇప్పుడు ఎనభై దగ్గరికి చేరారు. వాళ్ళ వీసాల గురించీ, మెడికేర్ గురించీ గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ఐసీయూలో మాట పడిపోయిన రోజున వాళ్ళ తరఫున ఎవరు మాట్లాడాలన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. మా ఇంట్లోనూ ఎత్తలేదు.

మా అత్తయ్యకి పెద్ద స్ట్రోక్ వచ్చింది. మామయ్యగారు అంతకు ముందే పోయారు. వెంటిలేటర్ పెట్టిన మూడో రోజున ఆసుపత్రివాళ్ళు కుటుంబాన్ని కూర్చోబెట్టారు. ఐసీయూ స్పెషలిస్టు, న్యూరాలజిస్టు, నర్సు, సోషల్ వర్కర్, పాలియేటివ్ కేర్ డాక్టరు ఒకవైపు. ఇటువైపు మావారు, నేను. ఫోన్లో హైదరాబాద్ నుంచి వదినగారు, వీడియోలో న్యూజెర్సీ నుంచి బావగారు. వదినగారి కోసం తెలుగు ఇంటర్‌ప్రిటర్‌ని కూడా లైన్లోకి తీసుకున్నారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం. అడగడానికి మొహమాటపడకండి, ఇంట్లోవాళ్ళు అనువాదం చేస్తే చేదు మాటలన్నీ మధ్యలోనే ఆగిపోతాయి.

మెదడు కోలుకునే స్థితిలో లేదని డాక్టర్లు చెప్పారు. "చేయగలిగిందంతా చేయండి, ఏదీ ఆపొద్దు" అన్నారు బావగారు. వదినగారు ఏడుపు. మావారు నేలచూపులు. అప్పుడు సోషల్ వర్కర్ అడిగింది: "రోజూ ఆవిడకి స్నానం, మందులు, తిండి ఎవరు చూసేవారు?" అందరూ నావైపు చూశారు.

ఆ ప్రశ్న ఊరికే అడగలేదని తర్వాత తెలిసింది. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే వైద్యానికి అంగీకారం ఎవరిని అడగాలో ఈ రాష్ట్రంలో 1987 నాటి గార్డియన్‌షిప్ చట్టం వరుస పెట్టింది. మొదట చట్టబద్ధంగా నియమించిన గార్డియన్, తర్వాత భార్య లేదా భర్త, ఆ తర్వాత జీతం లేకుండా చూసుకుంటున్న మనిషి. దగ్గరి బంధువులు, స్నేహితులు ఆ తర్వాతే. పెద్దకొడుకు అన్న హోదా ఆ జాబితాలో ఎక్కడా లేదు. పదేళ్ళుగా కోడలిగా ఏ విషయంలోనూ నన్నెవరూ అడిగింది లేదు. బీఎస్సీ చదివానన్న సంగతి మా ఇంట్లో రిపోర్టులు చదవాల్సి వచ్చినప్పుడే గుర్తొస్తుంది. అలాంటిది నన్ను అడిగేసరికి గర్వం కాదు, భయం వేసింది.

అయితే ఆ డాక్టరు నన్ను "మీరేం కోరుకుంటున్నారు" అని అడగలేదు. "ఆవిడ ఇప్పుడు ఇక్కడ కూర్చుని వింటుంటే ఏమనేవారు?" అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది. తెనాలిలో వాళ్ళక్కయ్య పోయినప్పుడు, గోంగూర వలుస్తూ అత్తయ్య అన్నారు, "దాన్ని గొట్టాలతో కట్టిపడేశారే, నాకు మాత్రం ఆ గతి పట్టనీకండి" అని. ఆ మాటే చెప్పాను. బావగారు వెంటనే ఒప్పుకోలేదు. ఇంకో నాలుగు రోజులు చూద్దామని, అప్పటికీ మార్పు లేకపోతే గొట్టం తీసేద్దామని డాక్టర్లే గడువు పెట్టారు. ఆయన విమానం ఎక్కి వచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నారు. నాలుగో రోజు ఆయనే "ఇక చాలు" అన్నారు. వదినగారు ఇప్పటికీ ఆ వారం సంగతి ఎత్తరు.

గొడవపడే కుటుంబం కోసం న్యూ సౌత్ వేల్స్ ఆరోగ్యశాఖ 2005 మార్గదర్శకాల్లో చెప్పిన దారులు దాదాపు ఇవే: సమయం ఇవ్వడం, గడువు పెట్టి వైద్యం కొనసాగించడం, వేరే డాక్టరు అభిప్రాయం, మధ్యవర్తి. అవి పనిచేయకపోతే ట్రైబ్యునల్, చివరికి కోర్టు. కోర్టుకెక్కినా తీర్పు ఒకేలా రాదు. సిడ్నీలోనే 2000లో ఒక కుటుంబం గొడవ కోర్టు దాకా వెళ్ళింది, సోదరుడికి వైద్యం ఆపొద్దన్న సోదరి గెలిచింది. 2004లో అదే కోర్టు మరో కుటుంబం కోరికను కాదని డాక్టర్ల వైపు నిలిచింది.

మనదేశంలో ఐసీయూ బిల్లే గొడవలకి మూలమని అనుకునేదాన్ని. ఇక్కడ మాకు బిల్లు లేదు, గొడవ మాత్రం ఉంది. డబ్బు తీసేస్తే అడుగున మిగిలేది దూరంగా ఉండిపోయామన్న అపరాధభావం. డాక్టర్లకి ఇది కొత్త కాదు. 1991లోనే ఒక అమెరికన్ వైద్య పత్రికలో దీనికి 'కాలిఫోర్నియా కూతురు సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ఎన్నాళ్ళుగానో కనపడని బిడ్డ చివర్లో దిగి అన్నీ చేయమని పట్టుబట్టడం. ప్రవాసులమైన మనలో ఆ కూతురు కాని వాళ్ళెవరు?

గుంటూరులో ఉన్న మా నాన్న విషయంలో నేనే ఆ కూతుర్ని. భారత సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ముందస్తు వైద్య ఆదేశాన్ని గుర్తించింది. 2023 జనవరి 24న విధానాన్ని తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాయొచ్చు. వైద్యం ఆపాలంటే రెండు మెడికల్ బోర్డులు చూడాలి, ఒక్కోటీ వీలైతే 48 గంటల్లో తేల్చాలి. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దీన్ని అమలు చేయమని ఉత్తర్వు ఇచ్చింది. కాగితం రాయకపోతే దగ్గరి బంధువుల రాతపూర్వక అంగీకారం కావాలి. వాళ్ళలో ఇద్దరు రెండు మాటలంటే ఎవరిది ముందన్న వరుస, ఇక్కడిలా, అక్కడ లేదు.

మొన్న ఆదివారం నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెండు పేర్లు రాయొచ్చంటున్నావుగా అమ్మాయ్, ముందు తమ్ముడిది రాస్తాను. వాడు పక్కనే ఉంటాడు. నీది తర్వాత" అన్నారు.

మనసు చివుక్కుమంది. సరే నాన్నా అన్నాను.