టీసీతో పాటు ఒక పేజీ

"మీది ఏ ఊరు?"

రైల్లో పక్క సీటాయన అడిగినా, కొత్త బడిలో క్లాస్ టీచర్ అడిగినా ఈ ప్రశ్న దగ్గర మనలాంటి వాళ్లం కాస్త తడబడతాం. మేం నలుగురం. తొమ్మిది, పది తరగతుల వాళ్లం. మాలో ఒకడు విశాఖపట్నంలో పుట్టి, జోధ్‌పూర్‌లో అక్షరాలు దిద్ది, జబల్‌పూర్ మీదుగా ఇక్కడికి వచ్చాడు. ఒకమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఆమె చెబుతుంటే మిగతావాళ్లం రాశాం. మా అందరికీ అమ్మమ్మగారి ఊరు ఒకటుంది, నాన్నగారి పోస్టింగు ఊరు ఒకటుంది. ఇది మా ఊరు అని గట్టిగా చెప్పుకునేది మాత్రం ఏదీ లేదనుకునేవాళ్లం. మొన్న దసరా సెలవుల్లో ఒక రోజంతా గంగా కాలువ గట్టు మీద సైకిళ్లు తొక్కాక ఆ మాట మార్చుకున్నాం. ఎందుకు మార్చుకున్నామో, దాన్నిబట్టి మన బళ్లలో ఏం చేస్తే బాగుంటుందో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ఇప్పుడు మేముంటున్నది ఉత్తరాఖండ్‌లోని రూర్కీలో. ఊరి మధ్యలోంచి పెద్ద కాలువ పోతుంది. రెండేళ్లుగా రోజూ దాని మీది వంతెన దాటే బడికి వెళ్తున్నాం. ఇక్కడ అందరూ దాన్ని 'నహర్' అంటారు. మేమూ నహర్ అనేవాళ్లం. అంతకు మించి దాని గురించి ఒక్క ముక్క తెలియదు. తప్పు పూర్తిగా మాదే అనలేం. మన పాఠ్యపుస్తకాలు దేశమంతటా ఒకటే. అందుకే బదిలీ అయినా మన చదువు తెగిపోదు. అది మనకు పెద్ద మేలు. కానీ అన్ని ఊళ్లకూ ఒకటే పుస్తకం అయినప్పుడు, ఏ ఒక్క ఊరి సంగతీ అందులో ఉండదు కదా!

మా కింది వాటాలో ఉండే పెద్దాయన్ని మేం తావూజీ అంటాం. ఆయన ఈ కాలువ మీదే బేల్దారుగా పనిచేసి రిటైరయ్యారు. దసరా రాత్రి హరిద్వార్‌లో కాలువకు నీళ్లు ఆపేస్తారనీ, మళ్లీ దీపావళికి గానీ వదలరనీ, ఈ మధ్యలోనే పూడిక తీతలు, మరమ్మతులు జరుగుతాయనీ ఆయనే చెప్పారు. మా అమ్మమ్మకు ఫోన్లో ఈ మాట చెబితే, "మనకు ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, అక్కడ దసరాకు కట్టేస్తారన్నమాట" అంది. "కాలువ ఎలా కట్టారో చూడాలంటే నీళ్లు లేనప్పుడే చూడాలి బేటా, నేనూ వస్తా పదండి" అని తావూజీ తన పాత సైకిలు బయటికి తీశారు. పెద్దవాళ్లు తోడుంటారు కాబట్టి ఇళ్లలో ఒప్పుకున్నారు.

పొద్దున ఆరింటికి బయల్దేరాం. రూర్కీ నుంచి హరిద్వార్ దాకా గట్టు వెంట దాదాపు 32 కిలోమీటర్లు. ఊరు దాటగానే కాలువకు రెండు వైపులా సింహాల విగ్రహాలు కనిపించాయి. అక్కడి నుంచి గట్టు ఎత్తు పెరుగుతూ పోయింది. కాసేపటికి మేం చూసింది మొదట నమ్మలేకపోయాం. కింద సోలానీ నది, దాని మీద వంతెన, ఆ వంతెన మీద కాలువ! నది మీద నుంచి బండ్లు పోవడం చూశాం గానీ, నీళ్ల మీద నుంచి నీళ్లు పోవడానికి కట్టిన వంతెన ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఒక్కొక్కటి 50 అడుగుల వెడల్పున్న 15 కమానులు. అన్నీ ఇటుకతో, సున్నంతో కట్టినవే.

ఇది కట్టించిన ఇంజనీరు ప్రోబీ కాట్లీ. 1837-38లో గంగా యమునల మధ్య ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. సుమారు 8 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ తర్వాతే ఈ కాలువ ఆలోచన ఊపందుకుంది. 1842లో తవ్వకం మొదలై, 1854 ఏప్రిల్ 8న కాలువ ప్రారంభమైంది. నది మీది ఈ వంతెనకు రెండు వైపులా కొండంత మట్టి పోయాల్సి వచ్చింది. ఆ మట్టి మోయడానికి 1851 డిసెంబరులో రూర్కీ, పిరాన్ కలియర్ మధ్య ఆవిరి ఇంజను నడిపారు. బొంబాయి, ఠాణాల మధ్య ప్రయాణికుల రైలు మొదలైంది 1853లో. అంటే అంతకన్నా ముందే ఈ గట్టు మీద రైలింజను కూత వినిపించింది! ఈ కాలువ పనికి మనుషులను తయారుచేయడానికే 1847లో ఇక్కడ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. ఇవాళ్టి ఐఐటీ రూర్కీ అదే.

మాలో ఒకమ్మాయి అక్కడే నిలబడిపోయి, "ఇలాంటిది మా అమ్మమ్మ ఊరి దగ్గర కూడా ఉంది" అంది. నిజమే. కోనసీమలో పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీద ఉన్న అక్విడక్టు ఇలాంటిదే. దాన్నీ ఆ రోజుల్లోనే కట్టారు. ప్రతి వేసవికీ బస్సులో దాని మీద నుంచి వెళ్తూ కూడా, కింద నది ఉంది, పక్కన కాలువ ఉంది, ఇదేమిటి అని ఆమె ఎప్పుడూ అడగలేదట. రూర్కీకి వచ్చి సైకిలు దిగితే గానీ గన్నవరం అర్థం కాలేదన్నమాట!

ఇంటికొచ్చాక వెతికితే ఇంకో సంగతి తెలిసింది. 1833లో గుంటూరు ప్రాంతాన్ని పీడించిన నందన కరువు తర్వాత ఆర్థర్ కాటన్ గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని చేపట్టాడు. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. అక్కడా రాళ్లు మోయడానికి పట్టాలు వేశారు. తర్వాత 1860లలో కాటన్ ఈ గంగా కాలువలో లోపాలున్నాయని విమర్శిస్తే, కాట్లీ గట్టిగా జవాబు రాశాడు. కాలువ తల ఎక్కడ ఉండాలి, వాలు ఎంత ఉండాలి అని ఇద్దరూ వాదించుకున్నారు. వాలు ఎక్కువై నీళ్లు అడుగును కోసేస్తున్నాయన్న మాటలో నిజం ఉంది కూడా. మన అమ్మమ్మగారి ఊరి కాలువా, మన పోస్టింగు ఊరి కాలువా ఇలా ఎప్పుడో మాట్లాడుకున్నాయి. మనకే తెలియలేదు.

పిరాన్ కలియర్ దర్గా దగ్గర టీ తాగి, ధనౌరీ వైపు సాగాం. అక్కడికి చేరబోతుండగా ఒక సైకిలుకు తుమ్మ ముల్లు దిగింది. నెట్టుకుంటూ వెళ్తే రోడ్డు పక్కన పంక్చర్ షాపు దొరికింది. ట్యూబు నీళ్లలో ముంచుతూ ఆయన అడగనే అడిగారు, "కహాఁ కే హో, బచ్చో?" అని. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎప్పుడూ అయితే "ఆంధ్రా వాళ్లం, అక్కడి నుంచి వచ్చాం, ఇక్కడ నాన్నగారి ఉద్యోగం" అని పెద్ద కథ చెప్పాలి. మాలో చిన్నవాడు మాత్రం టక్కున "రూర్కీ కే" అనేశాడు. ఆయనకు అందులో వింతేమీ కనిపించలేదు. "అచ్ఛా" అని పని చేసుకున్నారు. మాకే కొత్తగా అనిపించింది. రెండేళ్లు ఊళ్లో ఉన్నా ఆ మాట మా నోట రాలేదు. మూడు గంటలు గట్టు మీద సైకిలు తొక్కాక వచ్చింది.

ధనౌరీలో ఇంకో చిత్రం. కొండల నుంచి వచ్చే రత్మవూ వాగు కాలువను ఒకే ఎత్తులో అడ్డంగా దాటుతుంది. వాగు ఒక వైపు కాలువలో కలిసి, రెండో వైపు తలుపుల గుండా బయటికి పోతుంది. వానాకాలం రాత్రుళ్లు ఆ తలుపుల దగ్గర కాపలా ఎలా ఉండేదో తావూజీ చెప్పారు. ఇంకా పైన పథరీ దగ్గరా, రాణీపూర్ దగ్గరా లెక్క తిరగబడింది. అక్కడ వాగులే పైనుంచి పోతాయి, కాలువ వాటి కింద నుంచి పోతుంది. ఒక్క రోజు దారిలో నీటిని నీరు దాటే మూడు పద్ధతులూ చూశాం. కింద నుంచి, పక్క నుంచి, పై నుంచి. ఇది కారులో అరగంటలో దాటేసే దూరం. కారులో అయితే వంతెన వచ్చింది, పోయింది అనుకునేవాళ్లం. నడిచి వెళ్తే ఒక్క రోజులో తెమలదు. సైకిలు వేగమే దీనికి సరిపోయింది.

సాయంత్రానికి హరిద్వార్ చేరాం. నీళ్లు తగ్గిన హర్ కీ పౌడీ దగ్గర మా ఈడు పిల్లలు జల్లెళ్లతో ఇసుక గాలించి చిల్లర నాణేలు ఏరుకుంటున్నారు. మాకు సెలవు రోజు, వాళ్లకు సంపాదన రోజు. ఈ కాలువ మొదలుపెట్టినప్పుడు గంగకు అడ్డుకట్ట ఏమిటని ఇక్కడి పండాలు అభ్యంతరం చెప్పారు. నది ఆగకుండా పారడానికి కట్టలో ఖాళీ వదిలిపెడతానని కాట్లీ మాటిచ్చాడు. తవ్విన వేలమంది పేర్లు మాత్రం ఏ రాయి మీదా మాకు కనిపించలేదు. మనవైపు ధవళేశ్వరంలో కాటన్ పేరు పక్కన, ఆయనకు తోడుగా పనిచేసిన వీణం వీరన్న పేరైనా వినిపిస్తుంది. ఇక్కడ తావూజీ లాంటి వాళ్లను అడిగితే తప్ప ఆ సంగతులు దొరకవు. చీకటి పడకముందే సైకిళ్లను ఒక ఛోటా హాథీలో ఎక్కించుకుని ఇంటికొచ్చేశాం.

ఇంతకీ మా అభిప్రాయం ఇదీ. బదిలీ అయినప్పుడు బడి మనకు టీసీ ఇస్తుంది. మన మార్కులు, పుట్టిన తేదీ, నడవడిక అన్నీ దానితో వస్తాయి. మనం తీసుకెళ్లేది సరే, వదిలి వెళ్లేది ఏమిటి? ప్రతి బడీ సెలవుల్లో ఒక రోజు పిల్లలను ఆ ఊరి కాలువ గట్టు మీదకో, చెరువు చుట్టూనో, కోట దారినో సైకిళ్ల మీద తీసుకెళ్లాలి. వెళ్లినవాళ్లు ఒక పేజీ రాసి లైబ్రరీలో పెట్టాలి. రేపు టీసీ పట్టుకుని కొత్తగా వచ్చే పిల్లవాడికి మొదటి రోజే ఆ పేజీ ఇవ్వాలి. రాజమండ్రి, కర్నూలు, కర్నాల్, చెన్నై, ఎక్కడ చూసినా మన బళ్లకు దగ్గరలో పాత కాలువలున్నాయి.

మూడేళ్లలో వదిలిపోయే ఊరి గురించి ఇంత తాపత్రయం ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. మూడేళ్లే కాబట్టే తొందరగా తెలుసుకోవాలని మేమంటున్నాం. కాలువ గట్లు ప్రమాదం కదా అని పెద్దవాళ్లు అన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం. నీళ్లున్నప్పుడు ఈ కాలువ చాలా వడిగా పారుతుంది, చాలాచోట్ల పక్కన కంచె ఉండదు. అందుకే పెద్దవాళ్లు లేకుండా వెళ్లకూడదు, నీటి అంచుకు దిగకూడదు, హెల్మెట్ తీయకూడదు. ఇవి పాటిస్తే చాలు, వెళ్లడమే మానేయక్కర్లేదు.

మాలో ఒకరి నాన్నగారికి బదిలీ ఆర్డరు వచ్చేసింది. మార్చి తర్వాత మేం ముగ్గురమే మిగులుతాం. అందుకే మా పేజీ ఇప్పుడే రాసి లైబ్రరీలో ఇచ్చాం. అందులో సోలానీ కమానుల లెక్క ఉంది, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో ఉంది, గట్టు ఎక్కడ జారుతుందో ఉంది. ధనౌరీ దగ్గర పంక్చర్ షాపు ఏ వైపున ఉందో కూడా రాశాం. ఆయన మిమ్మల్నీ అడుగుతారు, ఎక్కడి వాళ్లని. జవాబు సిద్ధం చేసుకుని వెళ్లండి.