ఒక్క గుక్కతో తీర్పా?

డబ్లిన్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మిత్రులందరిదీ ఒకటే ప్రశ్న: "గిన్నిస్ తాగావా? ఎలా ఉంది?" తాగాను. ఎలా ఉందో చెప్పేముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. (ఇంకా వయసు రాని తమ్ముళ్ళూ, మీరు కబురు విని ఊరుకోండి!)

బారులో కుర్రాడు గ్లాసు ఏటవాలుగా పట్టి, ముప్పాతిక వంతు నింపి, పక్కన పెట్టేశాడు. నన్ను మర్చిపోయాడేమో అనుకున్నాను. కాదట! లోపల గోధుమరంగు మబ్బులు సుడులు తిరుగుతున్నాయి. గ్లాసు అంచు వెంబడి బుడగలు పైకి పోవాల్సింది పోయి కిందికి దిగుతున్నాయి! అంతా సద్దుమణిగాక మిగతాది నింపాడు. దాదాపు రెండు నిమిషాలు. మన హీరోల ఎంట్రీ కూడా అంత ఊరించదు సుమండీ!

మొదటి గుక్క వేశాను. చేదు! పంచదార వెయ్యడం మర్చిపోయిన చల్లటి డికాక్షన్. వెంటనే నోట్‌బుక్ తీసి "ఫ్లాప్" అని రాసేశాను. పక్కనున్న పెద్దాయన అది ఏమిటని అడిగి, నవ్వి, "గ్లాసు ఖాళీ అయ్యాక రాయవయ్యా" అన్నాడు.

చురుక్కుమంది. ఎందుకంటే, రాయడం మొదలెట్టిన కొత్తలో ఒక కొత్త దర్శకుడి సినిమా ఇంటర్వెల్ దాకా చూసి రివ్యూ రాసిన ఘనుణ్ణి నేను. చీల్చి చెండాడాను. ఏడాది తర్వాత మిగతా సగం చూశాను. ఎంత బాగుందో! అతను మళ్ళీ సినిమా తియ్యలేదు. నా వల్లే అనుకునేంత గొప్పవాణ్ణి కాను. కానీ నా పని నేను చెయ్యలేదు కదా!

అందుకని ఈసారి బుద్ధిగా చివరిదాకా తాగాను. నలుపు అనుకున్నది దీపానికి ఎదురుగా పెడితే ముదురు కెంపు రంగు. మీగడలాంటి ఆ నురగ నైట్రోజన్ చలవ. ఆ పద్ధతి 1959లో వచ్చింది. చేదు ఎక్కడిదంటే, జ్వరమొస్తే అమ్మ కాచిచ్చే బార్లీ ఉంది చూశారూ, దాన్నే కాఫీగింజల్లా నల్లగా వేయిస్తారు. మూడో గుక్కకి ఆ చేదు వెనకాల సన్నటి పులుపు తెలిసింది. తీపి మిగలకుండా నాలుక పొడిగా అయిపోతుంది. 'డ్రై' అనేది అందుకే. చూపుకి బరువేగానీ ఆల్కహాల్ 4.2 శాతమే. గ్లాసు ఖాళీ అయ్యేసరికి నురగ వలయాలు గుక్కకొకటి చొప్పున మిగిలాయి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలంటారు మనవాళ్ళు. నిజంగా ఒకటి చాలా? ఈ గిన్నిస్ కంపెనీలోనే పనిచేసిన గాసెట్ అనే ఆయన సరిగ్గా ఇదే లెక్కగట్టాడు. కొద్ది నమూనాలు చూసి ఎంతవరకు తీర్పు చెప్పొచ్చో 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించాడు. స్టాటిస్టిక్స్ చదివే డిగ్రీ తమ్ముళ్ళూ, మీ 'టి-టెస్ట్' అదే!

నా తీర్పు: మొదటి గుక్కకి నూటికి 35. చివరి గుక్కకి 80. నోట్‌బుక్‌లో "ఫ్లాప్" కొట్టేశాను.

హోటల్ గదికొచ్చి ఆ దర్శకుడికి ఉత్తరం కూడా రాశాను. జవాబు ఇంకా రాలేదు. రాకపోయినా అడిగే హక్కు నాకు లేదు లెండి.