నీరుకుక్కపై నింద

గౌతమీ గోదావరి సముద్రమున గలియు ప్రాంతమున, కాకినాడకు దక్షిణముగ, కోరంగి మడ అడవులు కలవు. 1978 లో ఇవి అభయారణ్యముగ ప్రకటింపబడినవి. ఇచ్చటి కాలువలలో నివసించు నీరుకుక్కను చుట్టుపట్ల చెరువులవారు కొందరు దొంగ యందురు. నిందితుని పక్షము వినక శిక్ష విధించుట న్యాయము గాదు. కావున నా జంతువు తినునదేమో, మన చెరువుల కేల వచ్చునో విచారింతము.

దీనిని సంస్కృతమున ఉద్ర మందురు. ఇచ్చటిది నున్నని బొచ్చు గల జాతి. బరువు సుమారు 7 మొదలు 11 కిలోలు. బోనులలో పెంచినవారి అనుభవమునుబట్టి దీనికి దినమునకు కిలో ఆహారము చాలును. అందు ముఖ్యభాగము చేపలు. తక్కినది రొయ్యలు, పీతలు, కప్పలు, నీటిపురుగులు, ఒక్కొక్కప్పుడు ఎలుకలు, పక్షులు. ఇది ఒడ్డున వేయు పెంటలోని పొలుసులను, ఎముకలను, పీతడిప్పలను వేరుచేసి శాస్త్రజ్ఞు లీ విషయమును నిర్ణయించిరి. కుటుంబమంతయు గుంపుగూడి చేపలను తరిమి పట్టుట దీని స్వభావము. ఈ నేర్పును గుర్తెరిగియే బంగ్లాదేశమున సుందరవనముల చేరువ జాలరులు దీనిని మచ్చిక చేసి, చేపలను వలలలోనికి తోలించుకొనుచు వచ్చిరి. అచ్చట తోడిపనివాడు, ఇచ్చట దొంగ!

సులభముగ దొరకు దానిని ముందుగ పట్టుట వేటాడు ప్రతిప్రాణికిని సహజము. కాలువలో చేప తప్పించుకొనగలదు. చెరువులో వేలకొలది చేపలు గట్ల నడుమ చిక్కియుండును. ఆకలికి సర్వేరాళ్లు తెలియవు. పైగా మడచెట్ల వేళ్ల నడుమనే చేపపిల్లలును రొయ్యపిల్లలును పెరుగును. గడచిన శతాబ్దపు చివరి దశాబ్దములలో చెరువులు మడల అంచుల వరకు వ్యాపించినవి. మడ నరికిన చోట నీరుకుక్క వేటపట్టును పోయినది, జాలరి పంటయు తగ్గినది. ఎవరి యింట నెవరు చొరబడినట్లు?

చెరువులవారి నష్టమును మేము కాదనము. అప్పుచేసి చెరువు కౌలుకు తీసికొనిన చిన్నరైతు, తెల్లవారుసరికి గట్టుపై సగము కొరికిన చేపలను చూచి పడు బాధ నిజమైనది. కాని ఉచ్చును, విషమును దానికి విరుగుడు గావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని నిషేధించినది. నీటిలో గలసిన విషము నీరుకుక్కతో నాగునా? గట్టుచుట్టు ఇనుపవల కట్టి, దాని యడుగును నేలలోనికి పాతి, రాత్రులు కాపు పెట్టుట క్షేమకరము. చిన్నరైతున కీ వ్యయము భారమైనచో ప్రభుత్వము సాయపడవలెను. నిజమైన నష్టమునకు పరిహార మియ్యవలెను. కాలువల వెంట మిగిలిన మడలను ఒక్క చెట్టైనను పోనీయక కాపాడవలెను.

ప్రాణులయెడ దయ గలిగియుండుట పౌరుల ప్రాథమిక విధియని 1976 లో మన రాజ్యాంగమున చేర్చుకొంటిమి. ఆ వాక్యము పుస్తకమున నుండుటకే వ్రాసికొనలేదుగదా! నీరుకుక్క వేటాడిన కాలువలో జాలరికిని చేప మిగులును. మనము చెరచిన కాలువలో ఇరువురకును మిగులదు.