ముప్పావలా లెక్క

పోయిన మంగళవారం కడపలో ఒక బ్యాంకులో గంటసేపు కూర్చున్నాను. నా ముందు ఒకామె ఉంది. పప్పుశనగ విత్తనాలకు, మందులకు డబ్బు కావాలని మెడలో గొలుసు, చెవుల కమ్మలు తీసి కౌంటరు మీద పెట్టింది. అప్రైజరు గీటురాయి మీద గీసి, తూచి, లెక్కగట్టాడు. "వడ్డీ ఎంత పడతాది సార్?" అని అడిగిందామె. "అంతా కాగితంలో ఉందిలేమ్మా, సంతకం పెట్టు" అన్నారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. బయటికొచ్చాక చీటీ నా చేతికిచ్చి చూడమంది. ఆమె అడగని బీమా ప్రీమియం ఒకటి అప్పులోంచే కోసుకున్నారు. అప్పు కావాలంటే ఆ బీమా తీసుకోవాలన్న నిబంధన లేదు. ఆ మాట ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

సీమలో వడ్డీ లెక్క రానివాళ్లుంటారా? నూటికి రెండు రూపాయలంటే లక్షకు నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేలని బడి ముఖం చూడని అవ్వ కూడా నోటిలెక్కగా చెప్తుంది. అదే అవ్వ బ్యాంకుకు పోయి తొమ్మిది శాతం అని వింటే తలూపి వస్తుంది. తొమ్మిది శాతమంటే నూటికి నెలకు ముప్పావలా. ఈ ఒక్క ముక్క కౌంటరు దగ్గర చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఏటేటా ఆర్థిక అక్షరాస్యత వారాలు జరుపుతున్నారు. పొదుపు చేయండి, ఓటీపీ చెప్పొద్దు అంటారు. మంచిదే. బ్యాంకుకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో మాత్రం ఆ సభల్లో నేను ఇంతవరకూ వినలేదు.

చెప్పుకుంటే అది పెద్ద విద్యేం కాదు. మన పొదుపు ఖాతాలో డబ్బుకు పెద్ద బ్యాంకులు ఇప్పుడిచ్చేది రెండున్నర శాతం. ఆ డబ్బులో వందకు మూడు రూపాయలు రిజర్వు బ్యాంకులో వడ్డీ లేకుండా ఉంచాలి, పద్దెనిమిది రూపాయలు ప్రభుత్వ బాండ్ల వంటివాటిలో పెట్టాలి. మిగిలింది అప్పులకు పోతుంది. తెచ్చిన వడ్డీకీ ఇచ్చిన వడ్డీకీ నడుమ ఉన్న తేడాలోంచే జీతాలు, అద్దెలు, మొండి బాకీలు పోను లాభం. పైన ఫీజులు, బీమా కమీషన్లు. ఇందులో తప్పేమీ లేదు, వ్యాపారం అంటే అదే. నా బాధంతా మొండి బాకీ దగ్గరే ఉంది.

పూచీకత్తు లేని పంట రుణం పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి 2 లక్షలకు పెంచింది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా పంట అప్పు ఏడు శాతానికి ఇవ్వాలి. గడువులోగా కట్టిన రైతుకు నాలుగు శాతమే పడుతుంది, అంటే నూటికి నెలకు ముప్పై మూడు పైసలు. బ్యాంకుకు కేంద్రం ఒకటిన్నర శాతం సర్దుతుంది. ఇంత ఏర్పాటు ఉండగా ఆమె మెడ ఎందుకు బోసిపోవాలి? ఎందుకంటే వాన ఎగ్గొడితే పంట అప్పు మునుగుతుంది, బంగారానికి కరువు రాదు. కౌలు రైతుకైతే చూపించడానికి పొలం కాగితం కూడా ఉండదు, ఉన్నదల్లా భార్య మెడలోదే. మెట్ట సేద్యంలోని గండమంతా ఆ ఆడమనిషి నెత్తిన పెట్టి, బ్యాంకు తన లాభం భద్రం చేసుకుంటోంది. బ్యాంకులకు మొండి బాకీల భయం ఉండొచ్చు, కాదనను. కానీ ఆ భయం ఖరీదంతా ఆమె ఒక్కతే చెల్లించడం అన్యాయం.

గండం ఒకరిది, రాబడి ఇంకొకరిది కావడం ఈ నేలకు కొత్త కాదు. మన కర్నూలు-కడప కాలువను 1860లలో తవ్వింది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. వాటాదారులు లండన్‌లో ఉన్నారు. పది లక్షల పౌండ్ల పెట్టుబడికి ఏడాదికి 5 శాతం ఇప్పిస్తామని ప్రభుత్వం హామీ పడింది. నల్లరేగడిలో కొర్ర, జొన్న, పత్తి వేసుకునే రైతులు నీళ్లు పెద్దగా కొనలేదు. కంపెనీకి నీటి మీద గిట్టలేదు, అయినా వాటాదారుల వడ్డీ ఆగలేదు. అది మనవాళ్లు కట్టిన శిస్తుల్లోంచి పోయింది. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. సుంకేసుల దగ్గర నిలబడి ఆ కాలువను చూసినప్పుడల్లా నాకు నీళ్లకన్నా ముందు ఆ 5 శాతమే గుర్తొస్తుంది.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2006లో కడప కేంద్రంగా ఏర్పడింది. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులను ఒకటి చేసి, ప్రధాన కార్యాలయాన్ని అమరావతికి ఇచ్చారు. ఖర్చు కలిసొస్తుందంటున్నారు. మా పొలాల్లో వాన ఎప్పుడు ఎగ్గొడుతుందో తెలిసినవాళ్లు పెద్ద కుర్చీల్లో ఉండాలని కోరడం అత్యాశా?

ఆ రోజు బ్యాంకు బయట ఆమెకు చెప్పిందే మీకూ చెప్తున్నాను. బంగారం అప్పుల మీద రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో కొత్త నిబంధనలిచ్చింది, అందరూ అమలు చేయడానికి 2026 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. కాగితాలు ఈ ప్రాంతపు భాషలో లేదా మీరు కోరిన భాషలో ఇవ్వాలి. అప్పు తీరాక నగలు ఏడు పనిదినాల్లో తిరిగిరావాలి, వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు మీకు కట్టాలి. వేలం వేస్తే బాకీ పోగా మిగిలిన డబ్బు మీది. తెలుగు కాగితం చేతికొచ్చేదాకా సంతకం పెట్టకండమ్మా.